దూదిపుల్ల చెప్పెడి సాక్ష్యము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



ఒక పల్లెలో గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిలిచియుండుట సామాన్యమైన సంగతి కాదు. పుస్తకములు చదువుటచేత మనుష్యునకు కలుగు లాభములు పెక్కు కలవు. వానిలో మొదటిది, విన్నదానిని విన్నట్లే నమ్మక, దానికి ఆధారమేమని అడుగు అలవాటు. ఆ ఆధారమను మాటను పట్టుకొనియే నేటి ప్రసంగము సాగును. విషయము మాత్రము చాల చిన్నది. జానెడు పొడవైన సన్నని పుల్ల. దాని కొనకు చుట్టిన కొంచెము దూదియో, నైలాను నూగో. వైద్యులు దానిని స్వాబు అందురు. రోగి ముక్కునుండియో, గొంతునుండియో, పుండునుండియో ఆ పుల్లతో నమూనా తీసి ప్రయోగశాలకు పంపుదురు. అంటువ్యాధి యున్నదో లేదో, ఉన్న యెడల అది యేదో, ఏ మందునకు లొంగునో అచ్చట తేల్చుదురు.

2020వ సంవత్సరమునకు పూర్వము ఈ పుల్లను చూచినవారు పల్లెలలో అరుదు. ఆ సంవత్సరము గడచునప్పటికి దానిని ఎరుగనివారే లేకపోయిరి. నవనాథ సిద్ధేశ్వరుని గుట్ట నీడన వెలసిన ఆర్మూరునందును, చుట్టుపట్ల పల్లెలందును అప్పుడు రెండు తెగల మాటలు వినబడుచుండెను. పుల్ల మెదడును తాకునని కొందరును, పరీక్షకు పోయినవారికే రోగము అంటుకొనునని కొందరును చెప్పుకొని భయపడి ఇండ్లలో దాగిరి. ఇది యొక తెగ. లేదని వచ్చిన కాగితమును తాయెత్తువలె జేబులో పెట్టుకొని, జ్వరముతోనే పెండ్లికి పోయినవారు రెండవ తెగ. మొదటివారు పరీక్షను బొత్తిగా నమ్మలేదు. రెండవవారు దానిని మితిమీరి నమ్మిరి. ఈ రెండు పొరపాట్లును ఒకే అజ్ఞానమునుండి పుట్టినవి. నమూనా యననేమో, అది యేమి చెప్పగలదో, ఏమి చెప్పజాలదో తెలియకపోవుటయే ఆ అజ్ఞానము. వీనిచేత నష్టమైనవి ధనధాన్యములు కావు, ప్రాణములు. కావున ఈ చిన్న పుల్లను గూర్చి నిండు సభలో మాటలాడుట అనుచితము కాదు.

నమూనా యననేమో పసుపు పండించువారికి వేరుగా బోధింప నక్కరలేదు. రైతు దుంపను త్రవ్వి, ఉడుకబెట్టి, కళ్లములో దినములకొలది ఎండబెట్టి, డ్రమ్ములో త్రిప్పి మెరుగుపెట్టి, కాడి వేరుగా, గోళ వేరుగా బస్తాల కెత్తి నిజామాబాదు మార్కెట్టు యార్డునకు తెచ్చును. ఖరీదుదారు బస్తాలన్నియు కుమ్మరింపడు. గుప్పెడు పసుపును చేతబట్టి చూచును. కాడిని విరుచును. లోపలి రంగు ఎట్లున్నది, విరిగినప్పుడు గట్టిగా టక్కుమన్నదా, మెత్తగా వంగినదా అని పరీక్షించును. రైతు సంవత్సరపు కష్టము ఆ గుప్పెటలో తూగును. ఆ గుప్పెడు బస్తా నడుమనుండి వచ్చినదైన పలికిన ధర న్యాయమైనది. పైన మంచి కాడిని పేర్చి అడుగున చెమ్మగిలిన సరకు దాచిన బస్తానుండి పైగుప్పెడే తీసిన, ఆ ధర అన్యాయమైనది. తక్కెడలో దోషము లేదు, చూచిన కంటిలో దోషము లేదు. దోషమంతయు ఎత్తిన గుప్పెటలోనే యున్నది.

వ్యాధి పరీక్షయు ఇట్టిదే. ప్రయోగశాలలోని యంత్రము లక్షల వెలగలది కావచ్చును. దానియెదుట కూర్చున్నవారు గొప్ప విద్వాంసులు కావచ్చును. కాని వారు రోగిని చూడరు. వారి కందినది పుల్ల కొననున్న రవ్వంత తడి మాత్రమే. ఆ తడిలో ఉన్నదానినే వారు చెప్పగలరు. పట్వారీల కాలమున పొలము గట్టెక్కి పంటను కన్నులార చూచి వ్రాసిన పహాణీకిని, చావడి అరుగుపై కూర్చుండి ఊహతో నింపిన పహాణీకిని కాగితముమీద భేదము కానరాదు. రెండును ఒకే తీరున ముద్దుగా నుండును. కాని ఒకటి సాక్ష్యము, ఒకటి అబద్ధము. సరిగా తీయని స్వాబు ఆ రెండవ పహాణీ వంటిది.

ఈ పద్ధతి ఎట్లు పుట్టినదో కొంచెము తెలిసికొనుట మంచిది. పూర్వము పసిపిల్లల ప్రాణములు తీసిన వ్యాధులలో కంఠసర్పి యొకటి. ఆంగ్లమున దీనిని డిఫ్తీరియా అందురు. గొంతులో బూడిదరంగు పొర పెరిగి ఊపిరి ఆడనీయదు. ఆ క్రిమి పుట్టించు విషము గుండెను దెబ్బతీయును. 1883లో క్లెబ్సు అను శాస్త్రజ్ఞుడు ఆ క్రిమిని గుర్తించెను. 1884లో లోఫ్లరు దానిని ప్రయోగశాలలో పెంచి చూపెను. అయినను ఊరూరనున్న వైద్యునకు ఆ విద్య యెట్లు అందును? ప్రతి గొంతునొప్పియు కంఠసర్పి కాదు. కంటితో చూచి విడదీయుట అనుభవజ్ఞులకును కష్టమే.

1893లో అమెరికాలోని న్యూయార్కు నగర ఆరోగ్య శాఖవారు దీని కొక తేలికయైన ఉపాయము పన్నిరి. హెర్మన్ బిగ్సు, విలియం పార్కు అనువారు ఆ పనికి పెద్దలు. ఒక చిన్న పెట్టెలో రెండు గాజుగొట్టములు పెట్టిరి. ఒకదానిలో తీగకు చుట్టిన శుభ్రమైన దూది, రెండవదానిలో క్రిములు పెరుగుటకు వీలైన గడ్డకట్టిన రక్తరసము. ఈ పెట్టెలను మందుల దుకాణములలో ఉంచిరి. వైద్యుడు పెట్టెను తీసికొనిపోయి, రోగి గొంతును దూదితో తుడిచి, ఆ దూదిని రక్తరసముపై రుద్ది, సాయంకాలమునకు దుకాణములో తిరిగి ఇచ్చును. నగరపు సేవకుడు దానిని ప్రయోగశాలకు చేర్చును. రాత్రియంతయు వెచ్చని పెట్టెలో క్రిమి పెరుగును. మరునాటికి ఫలితము తెలియును. వైద్యులు కంఠసర్పి యని తలచినవారిలో చాలమందికి ఆ వ్యాధి లేదనియు, వ్యాధి నయమై తిరుగుచున్నవారిలో కొందరి గొంతులో క్రిమి ఇంకను నిలిచియున్నదనియు ఆ దూదిపుల్లవలననే బయటపడెను. ఆరోగ్యవంతుడుగా కనబడువాడు కూడ వ్యాధిని మోయగలడను సంగతి అట్లు లోకమునకు స్థిరపడినది. 2020లో దగ్గు, జ్వరము లేనివారిని గూడ పరీక్షించిరేమని ఆశ్చర్యపడినవారికి సమాధానము అప్పటికి నూరేండ్లు దాటిన ఆ అనుభవములోనే యున్నది.

నమూనా తీయుట ఒక యెత్తు, దానిని చెడకుండ చేర్చుట ఇంకొక యెత్తు. కోసిన పూవు వాడినట్లు, శరీరమునుండి విడివడిన సూక్ష్మజీవి ఎండకు, ఆలస్యమునకు నశించును. కొన్ని యెడల ఇతర క్రిములు పెరిగి అసలుదానిని కప్పివేయును. ఈ చిక్కును విప్పినవారిలో మన దక్షిణదేశమువారు కూడ కలరు. కలరా జాడ్యము ఊళ్లను తుడిచిపెట్టుచున్న రోజులలో, రోగి మలమును దూరపు ప్రయోగశాలకు పంపునప్పటికి కలరాక్రిమి చచ్చిపోవుచుండెను. 1941లో వెంకట్రామన్, రామకృష్ణన్ అను నిరువురు శాస్త్రజ్ఞులు ఉప్పు కలిసిన యొక క్షారద్రవమును గూర్చి ప్రకటించిరి. ఆ ద్రవములో ఉంచిన కలరాక్రిమి చాల దినములు బ్రదికియుండును. వారి పేర్ల మొదటి అక్షరములనుబట్టి దానిని వి. ఆర్. ద్రవమందురు. కలరా శోధించువారు తరములుగా దానిని వాడిరి. గొప్ప యంత్రమేమియు లేదు. ఒక సీసాడు ఉప్పునీరు సరియైన పాళములో కలుపుటయే. పల్లెకును పట్టణమునకును నడుమ నున్న దూరమును ఆ సీసా తగ్గించినది.

ఇక 2020వ సంవత్సరమునకు వత్తము. ఆ యేడు మార్చి 2వ తేదీన తెలంగాణమున మొదటి కోవిడు రోగి బయటపడినట్లు ప్రభుత్వము ప్రకటించెను. అప్పుడు పరీక్షకు దిక్కు హైదరాబాదు గాంధీ ఆసుపత్రి. మార్చి 25వ తేదీనుండి దేశమంతట లాక్‌డౌను విధింపబడెను. అది పసుపు అమ్మకముల కాలము. మే 7వ తేదీన వందే భారత్ కార్యక్రమము మొదలై విదేశములలో చిక్కుకొనినవారు విమానములలో తిరిగి వచ్చుచుండిరి. ఆర్మూరు, బాల్కొండ, వేల్పూరు ప్రాంతములలో గల్ఫుదేశములకు పోయిన బిడ్డలు లేని ఊరు అరుదు. ఏండ్ల తరబడి ఎదురుచూచిన కొడుకు వాకిటికి వచ్చినను, తల్లి అతనిని కౌగిలించుకొనుటకు ఒక పుల్ల చెప్పెడి మాటకై వేచియుండవలసి వచ్చినది. ఆ పుల్ల మాట నిజమగునా కాదా అనునది ఆ యింటికి శాస్త్రచర్చ కాదు.

ముక్కునుండి నమూనా తీయు విధమును వివరించిన, సగము భయము దానంతట అదియే తొలగును. ముక్కు వెనుక, కొండనాలుకకు పైభాగమున ఒక గది వంటి చోటు కలదు. శ్వాసకోశమున చేరు వైరసులు అచ్చట విరివిగా దొరకును. పుల్ల చేరవలసినది అచ్చటికి. రోగి తలను కొంచెము వెనుకకు వంచి, పుల్లను ముక్కు అడుగుభాగమును అంటి నేరుగా వెనుకకు పోనీయవలెను. పైకి ఎత్తరాదు. పుల్ల పోవు దారి చెవి వైపునకు సమానమైన మట్టమున నుండును. ముక్కుపుటము నుండి చెవి రంధ్రమువరకు గల దూరము ఎంతో, సుమారు అంత లోతు వరకు పోవచ్చును. అడ్డు తగిలిన బలవంతము చేయరాదు. రెండవ ముక్కుపుటమున ప్రయత్నింపవలెను. చేరిన తరువాత కొన్ని క్షణములు అచ్చటనే ఉంచి తడి పీల్చనిచ్చి, మెల్లగా త్రిప్పి, మెల్లగా వెలికి తీయవలెను. కంట నీరు తిరుగును, తుమ్ము వచ్చును; అంతకు మించి సామాన్యముగా బాధ యుండదు. మెదడునకును ఆ దారికిని నడుమ ఎముక గోడ కలదు.

పోతన భాగవతమున వామనచరిత్ర చదివినవారికి శుక్రాచార్యుని సంగతి జ్ఞప్తికి వచ్చును. బలి దానధార విడువకుండ ఆయన కలశరంధ్రమున అడ్డుపడగా వామనుడు దర్భకొనతో పొడిచెను; గురువుగారికి ఒక కన్ను పోయెను. ఆ కథ విన్నవారు ముక్కులో పుల్లయన్నంతనే కన్నును తడుముకొనుట సహజమే. అయితే ఇచ్చట పుల్ల పోవలసిన దారి కంటివైపునకు కాదు, మెదడువైపునకును కాదు. ఆ దారి యెరిగినవాడు, శిక్షణ పొందినవాడు మాత్రమే ఆ పని చేయవలెనను నియమము అందులకే యున్నది. రోగి చేయవలసినది ఒక్కటే. తల కదల్చక పది క్షణములు ఓర్చుకొనుట. తల వెనుకకు లాగుకొనిన, పుల్ల ముక్కు గుమ్మములోనే తిరిగి వచ్చును. నమూనా తీసినట్లు పుస్తకములో ఎక్కును గాని, నమూనా రాలేదు.

గొంతునుండి తీయునప్పుడు నోరు బాగుగా తెరచి, నాలుకను అదిమిపట్టి, టాన్సిళ్లను, గొంతు వెనుకగోడను పుల్లతో తుడువవలెను. నాలుకను, పండ్లను, బుగ్గలను తాకిన, నోటిలో ఎల్లప్పుడు నుండు క్రిములే వచ్చి అసలు క్రిమిని మరుగుపరచును. పుల్ల జాతియు ముఖ్యమే. కోవిడు వంటి వైరసు పరీక్షలకు కట్టెపుల్ల పనికిరాదు. కట్టెలోని ద్రవ్యములు పరీక్షను చెరచవచ్చును. ప్లాస్టికు పుల్లకు నైలాను మొదలగు కృత్రిమపు నూగు అతికించి వాడుదురు.

తీసిన పుల్లను ద్రవము గల గొట్టములో ముంచి, పుల్లను గీత యున్నచోట విరిచి, మూత బిగించి, చలిపెట్టెలో 2 నుండి 8 డిగ్రీల నడుమ నుంచి, వీలైనంత త్వరగా చేర్చవలెను. లక్షలకొలది పరీక్షలు చేయవలసివచ్చినప్పుడు ఈ ద్రవము, చలిపెట్టె, గొట్టములు కారుట మొదలగునవి పెద్ద చిక్కులైనవి. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. సంస్థవారు దీనికి పొడి స్వాబు పద్ధతిని కనిపెట్టిరి. అప్పటి సంచాలకులు డాక్టరు రాకేశ్ మిశ్రా. పుల్లను ద్రవమేమియు లేని పొడి గొట్టములో పంపి, ప్రయోగశాలలోనే ఒక సాధారణ ద్రావణమున నానబెట్టి, వేడిచేసి, నేరుగా పరీక్షింతురు. నడుమనున్న ఖరీదైన దశ యొకటి తగ్గిపోవును. కాలమును, ధనమును కలిసివచ్చును. భారత వైద్య పరిశోధన మండలివారు పాత పద్ధతితో పోల్చి చూడగా నూటికి 96కు పైగా ఫలితములు ఏకీభవించినవి. 2020 నవంబరులో ఆ పద్ధతికి వారి అనుమతి లభించెను. 1941లో ఉప్పునీటి సీసా దూరమును జయించినట్లే, 2020లో ఆ నీరు సయితము అక్కరలేని గొట్టము కొరతను జయించినది.

నమూనా బాగుగా తీసి, బాగుగా చేర్చినను, మూడవ గండ మొకటి కలదు. అది వ్రాత. గొట్టముపై పేరు, వయస్సు, తీసిన చోటు, తేది, వేళ సరిగా వ్రాయవలెను. ఒకే ఊరిలో ఒకే పేరు గలవారు నలుగురుందురు. ఇంటిపేరు విడిచిన, తండ్రి పేరు తప్పిన, ఒకని రోగము ఇంకొకని ఖాతాలో పడును. భూమి లెక్కలో సర్వే నంబరు తారుమారైనచో తరువాతనైన దావా వేసి దిద్దుకొనవచ్చును. ఇచ్చట రోగి లేనివాని వలె నలుగురిలో తిరుగును. రోగము లేనివాడు వేరుగా కూర్చుండి దిగులుపడును. దావాకు వ్యవధి యుండదు. కావున గొట్టముమీద వ్రాసిన పేరును రోగియే ఒకమారు చదువుకొనుట, చదువురానివారు చదివించుకొనుట మేలు.

ఇప్పుడు ఈ ప్రసంగమునకు ప్రధానమైన మాట చెప్పవలసియున్నది. ఫలితమున ఉన్నది యనియో, లేదనియో వచ్చును. ఈ లేదను మాటకు అర్థమేమి? భారతమున ద్రోణపర్వము ఎరిగినవారికి ధర్మరాజు పలికిన మాట తెలియును. అశ్వత్థామ చచ్చెనని ఆయన పెద్దగా పలికెను. ఏనుగు అనుమాట లోగొంతుకతో పలికెను. ద్రోణుడు మొదటి మాటనే విని అస్త్రములు విడిచెను. ఆ వినబడని చిన్న మాటలోనే నిజమంతయు ఉండెను. ప్రయోగశాల పంపిన లేదను మాటకు వెనుక గూడ అట్టి చిన్నమాట యొకటి యుండును. ఈ పుల్లకు అంటిన తడిలో, ఈ దినమున, ఈ పరీక్షకు చిక్కునంతగా లేదు. అంతియే గాని ఈ మనుష్యునిలో రోగము లేదని కాదు. ప్రయోగశాల అబద్ధమాడలేదు. పూర్తిమాట వినని దోషము వినువారిదే.

ఇట్లేల జరుగునో కారణములు చెప్పుకొందము. రోగము అంటిన మరునాడే పరీక్షించిన, వైరసు ఇంకను పుల్లకు చిక్కునంతగా పెరిగియుండదు. పుల్ల లోతునకు పోకున్న చిక్కదు. ఆలస్యమైన చెడిపోవును. పరీక్ష జాతినిబట్టియు భేదము కలదు. 2020లో వచ్చిన ర్యాపిడు యాంటిజెను పరీక్ష అరగంటలో ఫలితము చెప్పును. అందు ఉన్నదన్న నమ్మవచ్చును. జ్వరము, దగ్గు ఉండి కూడ లేదని వచ్చిన, ఆర్.టి.పి.సి.ఆర్. అను సూక్ష్మమైన పరీక్ష మరల చేయించవలెనని వైద్య పరిశోధన మండలివారు ఆనాడే నియమించిరి. చాలమంది ఆ రెండవ మెట్టు ఎక్కలేదు. మొదటి లేదుతోనే తృప్తిపడి ఇంటికిపోయి ముసలి తల్లిదండ్రుల ప్రక్కన పడుకొనిరి. తరువాతి కథను వివరింప నక్కరలేదు. అది ఈ సభలో కూర్చున్న కొన్ని కుటుంబములకు తెలియకపోదు. వారిని నిందించుట ఈ మాటల ఉద్దేశము కాదు. ఆనాడు వారికి ఆ చిన్నమాటను చెవిని వేసినవారు లేకపోయిరి.

కోవిడు ఉద్ధృతి తగ్గినంత మాత్రమున ఈ విద్యతో పనితీరినదని భావింపరాదు. పల్లె యింట నిత్యము కనబడు నాలుగు సందర్భములను చెప్పుకొందము.

మొదటిది పిల్లల గొంతునొప్పి. చాలవరకు అది దానంతట అదియే తగ్గును. కాని కొన్నింటికి స్ట్రెప్టోకాకసు అను క్రిమి కారణమగును. దానిని ఉపేక్షించిన కొందరు పిల్లలకు కీళ్లవాతపు జ్వరము వచ్చి గుండె కవాటములు చెడును. ఐదు మొదలు పదునైదేండ్ల లోపు పిల్లలకు ఈ భయ మెక్కువ. గొంతు స్వాబు తీసి పెంచి చూచిన ఒకటి రెండు దినములలో ఆ క్రిమి యున్నదీ లేనిదీ తేలును. నొప్పి మొదలైన తొమ్మిది దినములలోగా పెన్సిలిను ప్రారంభించినను గుండెకు రాబోవు ముప్పును తప్పింపవచ్చునని వైద్యులు చెప్పుదురు. కాబట్టి ఒకటి రెండు దినముల నిరీక్షణ నష్టము కాదు.

రెండవది కంఠసర్పి. టీకాలచేత ఇది చాల తగ్గినను సమసిపోలేదు. హైదరాబాదు నల్లకుంటలో ప్రజలు కోరంటి ఆసుపత్రి యని పిలుచుకొను ఫీవరు ఆసుపత్రికి ఇట్టి పిల్లలను తీసికొనిపోవుట తెలిసినదే. ఇందు స్వాబును తెల్లపొర అంచుక్రిందనుండి తీయవలెను. అయితే ఇచ్చట ఒక భేదమును గుర్తింపవలెను. స్వాబు తీయవలెను గాని, ఫలితము వచ్చువరకు విషహరమగు సీరమును ఆపరాదు. పొర కనబడి వైద్యుడు అనుమానించిన వెంటనే సీరము ఇయ్యవలెను. సాక్ష్యము కొరకు వేచి ప్రాణము పోగొట్టుకొనుట వివేకము కాదు.

మూడవది పుండు. పసుపు పండు సీమలో పారతెగినను, కొడవలి తెగినను మొదట పడునది పసుపే. అది తాతలనాటి అలవాటు. కాని పుండు మానక చీము పట్టినప్పుడు ఆసుపత్రికి పోవువారు పసుపు, ఆకుపసరు, దుకాణపు పొడి, నూనె యన్నియు దట్టముగా పట్టించి పోవుదురు. పై పూత మీదనుండి తీసిన స్వాబు పూతను గూర్చి చెప్పునే గాని పుండును గూర్చి చెప్పదు. నర్సు మొదట ఉప్పునీటితో పుండును కడిగి, పైచీమును తొలగించి, లోపలి ఎర్రని కండపై పుల్లను ఒత్తి త్రిప్పి నమూనా తీయును. కడుగునప్పుడు మంటయని చేయి నెట్టివేయుట తగదు. చక్కెరవ్యాధి గలవారి కాలిపుండ్ల విషయమున ఇది మరింత ముఖ్యము.

నాలుగవది క్షయ. ఇందు పుల్ల లేదు. రోగియే డబ్బీలో తెమడ ఇయ్యవలెను. ఉమ్మి వేరు, తెమడ వేరు. నోటిలోని ఉమ్మిని డబ్బీలో నింపి ఇచ్చిన, క్షయ యున్నవానికిని లేదనియే వచ్చును. తెల్లవారుజామున నోరు పుక్కిలించి, గట్టిగా ఊపిరి పీల్చి, లోపలినుండి దగ్గి తీసిన తెమడయే నమూనా. ఇచ్చట నమూనా తీయువాడును రోగియే. కావున దోషము వచ్చిన బాధ్యతయు అతనిదే.

ఈ నాలుగింటికిని ఒక సామాన్య ధర్మము కలదు. వైద్యుడు స్వాబు తీయింపుమని చెప్పినప్పుడు, క్రిములను చంపు మందులు మింగుటకు ముందే అది జరుగవలెను. మందుల దుకాణములో అడిగి రెండు బిళ్లలు మింగి పోయిన, క్రిమి సగము చచ్చి పరీక్షకు చిక్కదు. పూర్తిగా చావదు గనుక రోగము పోదు. పెంచిన క్రిమిపై ఏ మందు పనిచేయునో, ఏది పనిచేయదో చూచు బిళ్లల పద్ధతిని 1966లో బావరు, కిర్బీ మొదలగువారు ఒక క్రమమునకు తెచ్చిరి. ఆ పరీక్ష లేక ఊహతో వాడిన మందులకు క్రిములు అలవాటుపడిపోవుచున్నవి. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు పెద్దగా నున్నప్పుడు, అచ్చటనే డగ్గరు అను శాస్త్రజ్ఞుడు ఆరియోమైసినును కనుగొనెను. అది 1948లో లోకమునకు వెల్లడియైనది. ఆ సంవత్సరమే సుబ్బారావుగారు పరమపదించిరి. టెట్రాసైక్లీను జాతి మందులకు అది మొదటిది. అట్టి మహనీయుల శ్రమఫలమును తలనొప్పికిని, పడిశమునకును ధారపోసి నిర్వీర్యము చేయుట, పుట్టెడు విత్తనములను పక్షులకు చల్లినట్టిది.

నమూనా తీయువారిని గూర్చి రెండు మాటలు చెప్పక ముగించుట ధర్మము కాదు. 2020, 2021 వేసవులలో ఈ జిల్లా యెండ లెట్టివో అందరును ఎరుగుదురు. ఆ యెండలో తలనుండి పాదములవరకు పీపీఈ కిట్టు తొడిగికొని, గంటలకొలది నీరు త్రాగుటకైన వీలులేక, తుమ్మువారి ముఖమునకు జానెడు దూరమున నిలిచి ల్యాబు టెక్నీషియన్లు, నర్సులు ఆ పుల్లలను పట్టిరి. ఆశా కార్యకర్తలు ఇల్లిల్లు తిరిగి భయపడినవారిని బ్రతిమాలి తెచ్చిరి. సాయంకాలము ఇంటికి పోయిన వారిని ఇరుగుపొరుగువారు వాకిట నిలువనీయని చోట్లును కలవు. ఊరు వారికి ఋణపడియున్నది. ఆ ఋణము తీర్చుటకు శాలువలు కప్పనక్కరలేదు. రేపు ఇంకొకమారు పుల్ల పట్టుకొని వచ్చినప్పుడు తలుపు తీసి, తల కదల్చక కూర్చుండిన చాలును.

2018లో హైదరాబాదులో మొదలై 2021లో జిల్లాలకు విస్తరించిన తెలంగాణ డయాగ్నొస్టిక్సు పద్ధతిలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున తీసిన నమూనా జిల్లా ప్రయోగశాలకు పోవును, ఫలితము తిరిగివచ్చును. దూరము తగ్గినది, ఖర్చు తగ్గినది. మిగిలినది ప్రజల యెరుక. అచ్చటనే గ్రంథాలయమునకు పని కలదు. పత్రికలు చదివించుకొనుటకు వచ్చు వృద్ధులు, ఉత్తరములు వ్రాయించుకొనుటకు వచ్చిన తల్లులు ఈ అరుగుమీద ఎందరో కూర్చుండిరి. నేడు వారి చేతిలో పరీక్ష కాగితములున్నవి. వానిని చదివి, ఏ తేదిన, ఏ నమూనాపై, ఏ పరీక్ష చేసిరో విడమరచి చెప్పి, సందేహమున్నచో వైద్యునికడకు మరల పంపగల చదువరి యొకడు ప్రతిదినము ఒక గంట ఇచ్చట నుండిన, ఈ గ్రంథాలయపు రజతోత్సవము సార్థకమగును. అతడు వైద్యము చేయరాదు, మందు చెప్పరాదు. కాగితములో వ్రాసిన మాటను, దాని వెనుకనున్న చిన్నమాటతోగూడ వినిపించుటయే అతని పని.

నిజము గొప్ప యంత్రములలో పుట్టదు. అది తీసిన చేతి నిదానములోను, ఇచ్చిన రోగి ఓర్పులోను, వ్రాసిన కలము శ్రద్ధలోను పుట్టి, యంత్రములో వెల్లడియగును. మార్కెట్టులో నడిబస్తానుండి గుప్పెడు తీసి చూపు రైతు ఎట్లు తలయెత్తుకొని నిలుచునో, సరియైన నమూనా ఇచ్చిన ఊరు వ్యాధి యెదుట అట్లే తలయెత్తుకొని నిలువగలదు. ఈ గ్రంథాలయము నూరేండ్లు వర్ధిల్లి, అట్టి యెరుక గల చదువరులను ఊరికి ఇచ్చుచుండుగాక.